బోరు మోటరు: తక్కువ కరెంటుతో అన్నే నీళ్లు పోయించడం ఎలా

బోరు ధార సన్నబడితే ఎక్కువ మంది రైతులు మొదట చేసేది పెద్ద మోటరు దించడం. మూడు హెచ్‌పీ తీసి ఐదు, ఐదు తీసి ఏడున్నర. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు నేల కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి. పగులులోంచి ఎంత ఊరితే అంతే వస్తుంది, మోటరు ఎంత పెద్దదైనా అంతకు మించి రాదు. పెద్ద మోటరు ఆ ఊటను గంటలో లాగేసి, ఆ తర్వాత గాలి మింగుతూ తిరుగుతుంది. నీళ్లు రాకున్నా కరెంటు మాత్రం లాగుతూనే ఉంటుంది.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి వృథా బిల్లులో కనబడదు. కనబడేది మరో చోట: కాలిన వైండింగ్‌లో, ఊరవతల పేలిన ట్రాన్స్‌ఫార్మర్‌లో, యాసంగి మధ్యలో పడిపోయిన ఓల్టేజీలో. ఆ నష్టం రైతుదే. అందుకే ఏదైనా కొనే ముందు కొలవండి. నీటి మట్టం కొలిచే గొట్టం ముందే దించి ఉంటే, కింద చెప్పిన కొలతలన్నీ ఒక పూటలో అయిపోతాయి.

ముందు నాలుగు కొలతలు

కావలసినవి: 200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్, టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి ఆంపియర్లు చూసే మీటరు), ప్రెజర్ గేజి. టాంగ్ టెస్టర్ మోటరు మెకానిక్ దగ్గర ఉంటుంది. స్టార్టర్ డబ్బా తెరిచి చేసే కొలతలు అతనితోనే చేయించండి. మోటరు కనీసం గంట నడిచాకే కొలవాలి. వేసిన వెంటనే బోరులో నిలవ నీళ్లు వస్తాయి, ఆ ధారను చూసి మోసపోతాం.

నీళ్లు. డ్రమ్ములన్నీ సరిగ్గా 200 లీటర్లవి కావు. ఇరవై లీటర్ల బకెట్టుతో పదిసార్లు పోసి గీత పెట్టుకోండి. ధార కింద డ్రమ్ము పెట్టి, గీత దాకా నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూసి సగటు తీయండి. 100 సెకన్లు పడితే సెకనుకు 2 లీటర్లు. ఇది ఎంత నీరో తెలియాలంటే ఇలా చూడండి: ఎకరం మీద ఒక అంగుళం నీళ్లు నిలపాలంటే సుమారు 1,03,000 లీటర్లు కావాలి. సెకనుకు 2 లీటర్ల బోరుకు అది పద్నాలుగు గంటల పైచిలుకు పని.

నీటి మట్టం. మోటరు నడుస్తున్నప్పుడు నీళ్లు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయన్నదే అన్నిటికన్నా ముఖ్యమైన అంకె. మన దగ్గర ఎక్కువ మందికి తెలియనిది కూడా ఇదే. బోరు లోతు, మోటరు దించిన లోతు చెబుతారు కానీ నీటి మట్టం చెప్పలేరు. దీనికి సులువైన ఏర్పాటు ఉంది. ఈసారి మోటరు దించేటప్పుడు పైపు పక్కనే సన్నని నైలాన్ గొట్టం కట్టి దించండి, దాని పొడవు రాసి పెట్టుకోండి. పై కొసకు గేజి, సైకిలు పంపు తగిలించి గాలి కొట్టండి. ముల్లు ఇక పెరగకుండా ఆగిన చోట చదవండి. ఒక కిలో ప్రెజరు (చదరపు సెంటీమీటరుకు కిలో) అంటే గొట్టం కింది కొస మీద 10 మీటర్లు, అంటే 33 అడుగుల నీళ్లు ఉన్నట్టు. గొట్టం పొడవు 200 అడుగులై, గేజి కిలోన్నర చూపితే, కొస మీద 50 అడుగుల నీళ్లున్నాయి. నీటి మట్టం 150 అడుగులు.

కరెంటు. మూడు ఫేజుల ఆంపియర్లు విడివిడిగా, ఫేజుకూ ఫేజుకూ మధ్య ఓల్టేజీ కూడా చూడండి. కెపాసిటర్ (లైను మీద ఆంపియర్లు తగ్గించడానికి స్టార్టర్ దగ్గర కలిపేది) ఉంటే, దాని తర్వాత మోటరుకు వెళ్లే వైరు మీదే ఆంపియర్లు కొలవాలి.

బోరు మూతి దగ్గర ప్రెజరు. డెలివరీ పైపుకు చిన్న టీ వేసి గేజి బిగించండి. పైపులైను, ఫిల్టర్లు, డ్రిప్పు కలిసి ఎంత బరువు పెడుతున్నాయో అది చెబుతుంది.

లెక్క వేయండి

ఒక మామూలు పొలం లెక్క చూద్దాం. నడుస్తున్నప్పుడు నీటి మట్టం 150 అడుగులు, అంటే 46 మీటర్లు. డెలివరీ నేల మీద ఇంకో మీటరున్నర. బోరులో 180 అడుగుల పాత ఇంచున్నర జీఐ (జింకు పూత ఇనుప) పైపు, దాంట్లో సెకనుకు 2 లీటర్ల నీళ్లు పోతే రాపిడికే సుమారు ఏడున్నర మీటర్లు పోతుంది. పొలంలో 63 మిల్లీమీటర్ల పీవీసీ 200 మీటర్లు ఉంటే రెండున్నర మీటర్లు. వంకలకు, వాల్వులకు రెండు. మొత్తం 60 మీటర్లకు కాస్త అటూఇటూ. దీన్నే హెడ్డు అంటారు.

సెకనుకు లీటర్లను మీటర్ల హెడ్డుతో గుణించి 102తో భాగిస్తే నీళ్లను ఎత్తడానికి నిజంగా కావలసిన కిలోవాట్లు వస్తాయి. 2 × 60 ÷ 102 అంటే 1.18 కిలోవాట్లు. ఇప్పుడు మోటరు లాగేది: ఓల్టేజీ × ఆంపియర్లు × 1.732 × 0.85, దాన్ని వెయ్యితో భాగించాలి. ఐదు హెచ్‌పీ మోటరు 400 ఓల్టుల దగ్గర ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటే 4.4 కిలోవాట్లు. లోపలికి 4.4, పనికి వచ్చింది 1.18. అంటే 27 శాతం. మిగిలినదంతా వేడి, రాపిడి, సుడి.

పొలంలో ఉన్న మంచి పంపు సెట్టు 40 శాతం దాకా ఇవ్వగలదు. అప్పుడు ఇవే నీళ్లకు మూడు కిలోవాట్ల లోపే చాలు, అంటే సరిగ్గా ఎంచిన మూడు హెచ్‌పీ మోటరు పని. ఎకరానికి ఒక అంగుళం నీళ్లకు 60 యూనిట్లు పైన కాలుతున్న చోట 42 యూనిట్లతో సరిపోతుంది. మీ లెక్క 30 శాతానికి తక్కువ వస్తే మోటరు పైకి తీసి చూడడం దండగ కాదు. 35 దాటితే ముందు పైపులు, కెపాసిటరు, వైర్ల పని చూసుకోండి.

స్టేజీలు: అసలు తప్పు ఇక్కడే

సబ్‌మెర్సిబుల్ పంపులో ఒకదానిపై ఒకటి ఇంపెల్లర్లు (నీళ్లను తోసే చక్రాలు) ఉంటాయి. ఒక్కో స్టేజీ కొన్ని మీటర్లు ఎత్తుతుంది. 20 స్టేజీల పంపు మీద హెడ్డు 100 మీటర్లు అని ఉంటే, స్టేజీకి 5 మీటర్లు. మీ అవసరం 60 మీటర్లైతే 12 లేదా 13 స్టేజీలు చాలు.

మిగతా ఏడు స్టేజీలు ఊరికే ఉండవు. ఎత్తాల్సిన హెడ్డు తక్కువైతే పంపు అనుకున్నదానికన్నా ఎక్కువ నీళ్లు తోస్తుంది, ఆంపియర్లు పెరుగుతాయి, ఊట అందక బోరు ఖాళీ అవుతుంది. దక్షిణ తెలంగాణలో ఈ సమస్యకు ప్రత్యేకమైన కారణం ఉంది. కరువు ఏళ్లలో నీళ్లు 300 అడుగుల కిందికి పోయినప్పుడు కొన్న పంపులు అవి. ఆ తర్వాత కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాల్వల నీళ్లు చెరువుల్లోకి చేరిన ఊళ్లలో భూగర్భ జలం పైకి వచ్చింది. నీళ్లు వంద అడుగులకు వచ్చినా లోపల మూడొందల అడుగుల పంపే తిరుగుతోంది. నీళ్లు పుష్కలంగా పోస్తోంది కదా అని ఎవరూ పట్టించుకోరు. వైండింగ్ ఎందుకు తరచూ కాలుతోందో అర్థం కాదు.

ఇది మీ బోరులో ఉందో లేదో తెలుసుకోవడానికి గేట్ వాల్వును మెల్లగా మూయండి. నీళ్లు కొంచెమే తగ్గి, ఆంపియర్లు గట్టిగా దిగితే స్టేజీలు ఎక్కువున్నట్టే. తాత్కాలికంగా వాల్వును అక్కడే సగం మూసి ఉంచితే మోటరు కాలకుండా కాపాడుకోవచ్చు. అది శాశ్వత పరిష్కారం కాదు, ఎత్తిన బలాన్ని వాల్వు దగ్గర చంపేస్తున్నట్టే లెక్క. సరైన పని స్టేజీలు తగ్గించడం. అదనపు ఇంపెల్లర్లు తీసి ఆ చోట్లలో స్పేసర్ బుష్షులు వేస్తారు. షాఫ్టు కొలత, ఇంపెల్లర్ల ఎడం తప్పితే పంపు పట్టేస్తుంది కాబట్టి కంపెనీ సర్వీసు సెంటర్లో గానీ, ఆ పంపులు రోజూ విప్పే మెకానిక్ దగ్గర గానీ చేయించండి. 20లో ఏడు తీస్తే, పంపు తన సరైన ధార దగ్గర నడిచినప్పుడు లాగే బలం మూడో వంతు తగ్గుతుంది.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. నీళ్లు కిందికి దిగిపోయి, పంపు హెడ్డు చాలకపోతే ధార సన్నబడుతుంది. అప్పుడు హెచ్‌పీ పెంచడం కన్నా తక్కువ ధార, ఎక్కువ స్టేజీలు ఉన్న పంపు దొరుకుతుందేమో చూడండి. ఊట సెకనుకు లీటరే అయితే సెకనుకు మూడు లీటర్ల పంపు ఎన్ని హెచ్‌పీదైనా ఉపయోగం లేదు.

మరో అపోహ. మోటరును ఇంకో వంద అడుగులు కిందికి దించితే బరువు పెరుగుతుందని కొందరు, నీళ్లు ఎక్కువ వస్తాయని కొందరు అనుకుంటారు. ఎత్తాల్సింది మోటరు దగ్గర నుంచి కాదు, నీటి మట్టం దగ్గర నుంచే. కిందికి దించితే పెరిగేది ఆ వంద అడుగుల పైపు రాపిడి, కేబులు నష్టం మాత్రమే. నడిచేటప్పటి మట్టానికి 10, 15 అడుగుల కింద మోటరు ఉంటే చాలు. బోరు అడుగు నుంచి కనీసం 20 అడుగులు పైన ఉంచండి, లేదంటే బురద, రాతి పొడి మింగుతుంది.

బోరు ఆగి ఆగి పోస్తుంటే

ధార తెగి, గాలి చిమ్మి, మళ్లీ నీళ్లు వస్తుంటే మోటరు ఊట కన్నా పెద్దది. ఎండిన పంపులో బుష్షులకు నీళ్ల చల్లదనం ఉండదు, గంటల్లో అరుగుతాయి. స్టార్టర్‌లో డ్రై రన్ రిలే పెట్టించండి. నీళ్లు లేనప్పుడు ఆంపియర్లు దిగిపోతాయి, రిలే దాన్ని పట్టి మోటరు ఆపుతుంది. మామూలుగా నడిచే ఆంపియర్లలో ముప్పావు దగ్గర సెట్ చేస్తే చాలా బోర్లకు సరిపోతుంది. ఆపాక ఎంతసేపటికి మళ్లీ వేయాలో టైమరు చూసుకుంటుంది. ఒకట్రెండు రోజులు మట్టం కొలిచి, బోరు ఎంతసేపట్లో నిండుతోందో తెలుసుకుని ఆ సమయం పెట్టండి.

ఆటో స్టార్టరు మీద ఆధారపడకండి. కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒక్కసారి లేస్తాయి. ఒక్కో మోటరు లేచేటప్పుడు మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఓల్టేజీ కూలిపోతుంది, ఫీజులు పోతాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. పైగా ఇరవై నాలుగు గంటల కరెంటులో ఆటో పెట్టి వదిలేస్తే రాత్రంతా నీళ్లు మడి దాటి పోతూనే ఉంటాయి.

పైపులు

పైపు ఇంచున్నర నుంచి రెండించులకు మారితే రాపిడి మూడో వంతుకు పడిపోతుంది. పైన చెప్పిన లెక్కలో తుప్పు పట్టిన ఇంచున్నర జీఐ తీసి రెండించుల నునుపైన పైపు వేస్తే ఏడున్నర మీటర్ల రాపిడి మీటరున్నర లోపుకు వస్తుంది. ఆరు మీటర్లు మిగిలాయి, అంటే హెడ్డులో పదో వంతు. కాలమ్ పైపుగా (బోరులోకి దించే పైపు) హెచ్‌డీపీఈ గానీ, చదరపు మరలున్న యూపీవీసీ గానీ వేసుకోండి. మోటరు బరువుకు విడిగా నైలాన్ తాడు తప్పనిసరి.

పొలంలో చేసే చిన్న పొరపాట్లు ఇవి: ధార దూరంగా పడాలని కొసకు సన్న పైపు బిగించడం, డెలివరీని ఐదారు అడుగులు పైకి లేపడం, ఎక్కడబడితే అక్కడ ఎల్బోలు వేయడం. సన్న కొస నీళ్లు పెంచదు, దూకుడు పెంచుతుంది, దానికి కరెంటు ఖర్చు. కొస తీసేయండి, డెలివరీని తొట్టి అంచుకు దించండి, ఎల్బోల చోట పొడవాటి బెండ్లు వేయండి.

పంపు పైన ఉండే నాన్ రిటర్న్ వాల్వు కారితే, ఆపగానే నీళ్లన్నీ కిందికి జారి పంపును వెనక్కి తిప్పుతాయి. ఆ సమయంలో మళ్లీ వేస్తే షాఫ్టు తెగుతుంది. ఆపాక రెండు నిమిషాలు ఆగే అలవాటు చేసుకోండి.

బావి మీద మోటరైతే ఫుట్ వాల్వు (నీళ్లలో పైపు కింది కొసకు ఉండే వాల్వు) చూడండి. పాతకాలపు బరువైన ఫుట్ వాల్వు సన్నటి జల్లెడతో నీళ్లను బిగబడుతుంది. రాపిడి తక్కువ ఉండే ఫుట్ వాల్వు, నునుపైన పైపు, ఐఎస్‌ఐ పంపు సెట్టు, కెపాసిటరు: ఉచిత కరెంటు ఇచ్చిన తొలినాళ్లలో రైతులు పాటించాలని చెప్పినవి ఈ నాలుగే, ఇవాళ్టికీ అవే పనికొచ్చేవి. పంపు నుంచి నీటి మట్టం 20 అడుగులకు మించితే పైనుంచి లాగించకండి, బావిలోకి దించే ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ వేసుకోండి.

కెపాసిటరు, కేబులు, ఓల్టేజీ

మూడు హెచ్‌పీకి 1 కేవీఏఆర్, ఐదుకు 2, ఏడున్నరకు 3, పదికి 4 (కేవీఏఆర్ అంటే కెపాసిటరు సైజు కొలత). పైన చెప్పిన ఐదు హెచ్‌పీ మోటరుకు 2 కేవీఏఆర్ పెడితే లైను మీద ఏడున్నర ఆంపియర్లు ఆరున్నర లోపుకు వస్తాయి. మోటరు తినేది తగ్గదు, ఆ మాట స్పష్టంగా తెలుసుకోండి. తగ్గేది లైనులో, ట్రాన్స్‌ఫార్మర్‌లో పోయే నష్టం. అది నాలుగో వంతు తగ్గుతుంది, ఓల్టేజీ నిలబడుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగేది ఫేజుకు 33 ఆంపియర్లు. ఇలాంటి ఐదు మోటర్లు కెపాసిటర్లు లేకుండా 37 ఆంపియర్లు దాటతాయి, కెపాసిటర్లతో 32లో ఉంటాయి. అందుకే ఒక్కరు పెడితే సరిపోదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా కలిసి పెట్టుకోవాలి.

మామూలు స్టార్టర్‌లో కెపాసిటరును కాంటాక్టరు తర్వాత, ఓవర్‌లోడ్ రిలేకు ముందు కలపాలి. మోటరు ఆగితే అది కూడా తెగిపోవాలి. ఉబ్బినా, నూనె కారినా, లైను ఆంపియర్లు తగ్గించకపోయినా అది పోయినట్టే. ఆపిన వెంటనే ముట్టుకోకండి, లోపలి కరెంటు దిగడానికి ఒక నిమిషమైనా పడుతుంది.

కేబులు సన్నదైతే బోరు లోతంతా వేడికి ఖర్చు. 8 ఆంపియర్ల మీద 100 మీటర్ల కేబులులో ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 250 వాట్లు తింటుంది, రెండున్నరది 150, నాలుగుది వందలోపు. స్టార్టరు నుంచి బోరు దాకా ఉన్న దూరం కూడా కలుపుకోండి. జాయింటు నల్లబడితే కోసి మళ్లీ వేయించండి.

మూడు ఫేజుల ఆంపియర్లు 7.2, 7.5, 8.4 వచ్చాయనుకోండి. సగటు 7.7, ఎక్కువ తేడా 0.7, అంటే 9 శాతం. ఐదు దాటితే వెతకాలి. తప్పు ఎవరిదో ఇలా తేలుతుంది: కరెంటు తీసేసి, మోటరు మూడు వైర్లనూ వరసగా ఒక్కో స్థానం జరిపి బిగించండి. మూడూ జరిగితే తిరిగే దిక్కు మారదు. మళ్లీ కొలిస్తే ఎక్కువ ఆంపియర్లు అదే లైను మీద ఉంటే తప్పు సప్లయిది, లైన్‌మన్‌కు చెప్పండి. వైరుతో పాటు జరిగితే తప్పు మోటరుది లేదా కేబులుది.

ఓవర్‌లోడ్ రిలే ఊరికే పడిపోతోందని ముల్లు చివరికి తిప్పేస్తారు. మోటరు కాలడానికి దగ్గరి దారి ఇదే. పేరు పలక మీది ఆంపియర్లకు మించి పెట్టవద్దు, ఎందుకు పడిపోతోందో చూడండి.

రీవైండింగ్, కొత్త మోటరు

వైండింగ్‌కు ఇచ్చినప్పుడు పాత వైరు గేజి, చుట్ల లెక్క కాగితం మీద రాయించుకోండి. సన్న వైరుతో చుట్టిన మోటరు తిరుగుతుంది కానీ వేడిగా తిరుగుతుంది. రెండు మూడుసార్లు కాలినదాన్ని మళ్లీ చుట్టించడం కన్నా కొత్తది మేలు. నీళ్లు నింపే మోటరైతే దించే ముందు శుభ్రమైన నీళ్లు నింపి, కదిపి, గాలి బుడగలు పోయేదాకా అరగంట నిలబెట్టి, మళ్లీ నింపి మూత బిగించాలి.

కొనేటప్పుడు హెచ్‌పీ అడగకండి. మీ హెడ్డు ఎన్ని మీటర్లు, ధార సెకనుకు ఎన్ని లీటర్లు అని చెప్పి, ఆ రెండూ పలక మీది అంకెలకు సరిపోయేది ఇవ్వమనండి. మనం అడుగుల్లో చెబుతాం, పలక మీద మీటర్లుంటాయి, 3.28తో భాగించడం మరవకండి. పలక మీద ఐఎస్ 8034 (సబ్‌మెర్సిబుల్ పంపు సెట్ల ప్రమాణం) ముద్ర, సామర్థ్యం శాతం ఉండాలి. కరెంటు పొదుపు చూపే స్టార్ లేబుల్ ఉంటే మంచిదే. అయితే హెడ్డు తప్పిన ఐదు స్టార్ల పంపు, హెడ్డు సరిపోయిన మామూలు పంపు కన్నా ఎక్కువ తింటుంది.

నీళ్లు తక్కువ ఎత్తడం

ఎత్తని నీటికి కరెంటే అక్కర్లేదు. వరిలో అడుగు పొడవున్న పైపు ముక్కకు కింది సగం చిల్లులు పెట్టి మడిలో పాతండి. లోపల నీళ్లు నేల కింద అరడుగు దాకా దిగాకే మళ్లీ పారించండి. పూత దశలో మాత్రం నీళ్లు నిలపాలి. బత్తాయికి డ్రిప్పు ఉంటే ఫిల్టరుకు ముందూ వెనకా గేజిలు చూడండి. తేడా అర కిలోకు చేరిందంటే ఫిల్టరు కడగాలి. వేరుశనగ స్ప్రింక్లర్లకు రెండు, రెండున్నర కిలోల ప్రెజరు కావాలి. అది హెడ్డులో 20, 25 మీటర్లు కలుపుతుంది కాబట్టి స్ప్రింక్లరు పెట్టే ముందే పంపు లెక్క మళ్లీ వేయండి.

స్టార్టర్ డబ్బా మూత మీద రాసి పెట్టండి

తేదీ, డ్రమ్ము సెకన్లు, మూడు ఆంపియర్లు, గేజి, నీటి మట్టం. వానాకాలం అయ్యాక ఒకసారి, మే నెలలో ఒకసారి. మోటరు తీయకుండానే లోపల ఏం జరిగిందో ఇవి చెబుతాయి.

సెకన్లు పెరిగి, ఆంపియర్లు తగ్గి, గేజి పెరిగితే అడ్డు బయట ఉంది: ఫిల్టరో, సగం మూసిన వాల్వో. సెకన్లు పెరిగి, ఆంపియర్లు, గేజి రెండూ తగ్గితే నీటి మట్టం దిగింది. మట్టం మారకుండా, ఆంపియర్లు అలాగే ఉండి ధార తగ్గితే ఇంపెల్లర్లు అరిగాయి లేదా కాలమ్ పైపుకు చిల్లు పడింది. బోరు మూతి దగ్గర చెవి పెట్టి వినండి, మోటరు నడుస్తుండగా లోపల నీళ్లు రాలే చప్పుడు వస్తే చిల్లే. ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన మర్నాటి నుంచి ధార తగ్గితే ఫేజులు తారుమారై పంపు వెనక్కి తిరుగుతోంది. మోటరు వైర్లలో ఏవైనా రెండింటిని అటూఇటూ మార్పించి, ఏ దిక్కున నీళ్లు ఎక్కువ వస్తే అలా ఉంచండి. ఆ పని స్టార్టర్ దగ్గరే, ఫీజులు ఊడదీశాకే చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మాత్రం లైన్‌మన్ తప్ప ఎవరూ చేయి పెట్టకూడదు.